గోలు కాపరి

జట్టు గెలిస్తే గోలు కొట్టినవాడికి దండ. ఓడితే గోలీకి తిట్లు. అందుకే నాకు ఆ ఉద్యోగమంటే మొదట్నుంచీ జాలి. హంగరీ గోలీ డ్యులా గ్రోషిచ్ కథ విన్నాక ఆ జాలి కాస్తా గౌరవమైంది.

1926లో దొరోగ్ అనే బొగ్గుగనుల ఊళ్లో పుట్టాడు. తల్లికి కొడుకుని మతగురువుని చెయ్యాలని కోరిక. నల్లబట్టలైతే వేసుకున్నాడు గానీ, గోలు ముందు! 'నల్ల చిరుత' అన్నారు జనం. గోలుని అంటిపెట్టుకోకుండా ముందుకురికి, బంతిని కాలితోనే తరిమేసేవాడు. ఆ రోజుల్లో అదో వింత. 1952లో హెల్సింకీలో ఒలింపిక్ స్వర్ణం. 1953లో వెంబ్లీలో ఇంగ్లండు మీద 6–3 గెలుపు.

1954 ప్రపంచకప్‌లో పశ్చిమ జర్మనీని మొదట 8–3తో చిత్తుచేసి, ఫైనల్లో అదే జట్టుకి 3–2తో ఓడారు. ఆ ఏడాది చివర్లోనే గ్రోషిచ్ మీద గూఢచారి అన్న నింద! గృహనిర్బంధం, విచారణలు. సాక్ష్యం లేక కేసు వీగిపోయింది. అయినా హోన్వేద్ క్లబ్బునుంచి తప్పించి, తతాబాన్యా అనే మరో గనుల ఊరికి పంపేశారు. అక్కణ్ణుంచే మళ్లీ దేశజట్టుకెక్కి, మరి రెండు ప్రపంచకప్పులాడాడు!

1962లో ఫెరెన్స్‌వారోష్ క్లబ్బుకి ఆడాలని ముచ్చటపడితే పైవాళ్లు కూడదన్నారు. ఆట మానేశాడు. 2008లో, 82వ ఏట, ఆ క్లబ్బే పిలిచి స్నేహపూర్వక మ్యాచ్‌లో కాసేపు గోలు ముందు నిలబెట్టింది. 2014లో కన్నుమూశాడు.

నలభైఆరేళ్లు ఆలస్యంగా వచ్చిన న్యాయాన్నీ జారవిడవలేదు, చూశారా!