గొంతుల లెక్క: సింథసైజర్ కీబోర్డుల ఎనభై ఏళ్ల ప్రయాణం

కీబోర్డు కొందామని దుకాణానికి వెళ్తే అమ్మేవాళ్లు ముందుగా వల్లించే అంకె పాలిఫొనీ. 64, 128, 256... అంకె ఎంత పెద్దదైతే వాయిద్యం అంత గొప్పదనే నమ్మకం మనలో బాగా నాటుకుపోయింది. ఒకేసారి ఎన్ని ధ్వనులు, అంటే ఎన్ని గొంతులు (వాయిస్‌లు), పలుకుతాయో ఆ అంకె చెబుతుంది, నిజమే. కానీ ఒక్కో ధ్వనిని పుట్టించడానికి లోపలి సౌండ్ ఇంజిన్ ఎంత శ్రమపడుతోందో చెప్పదు. ఆ శ్రమను బట్టే అంకె పెరుగుతుంది, తగ్గుతుంది. పాతవాటినీ కొత్తవాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

మొట్టమొదటి ఉదాహరణే మన అంచనాను తలకిందులు చేస్తుంది. 1939లో అమెరికాలో హామండ్ సంస్థ నోవాకార్డ్ అనే వాయిద్యాన్ని తెచ్చింది. దానికి 72 మీటలు. అన్నీ ఒకేసారి నొక్కినా అన్నీ పలికేవి. లోపల 163 వాక్యూమ్ ట్యూబులుండేవి. పన్నెండు ఆసిలేటర్లు పై స్థాయిలోని పన్నెండు స్వరస్థానాలను పుట్టించేవి. వాటి ఫ్రీక్వెన్సీని సగం చేసి, మళ్లీ సగం చేసి కింది స్థాయిలన్నీ రాబట్టేవారు. 1970ల్లో వచ్చిన సోలినా వంటి స్ట్రింగ్ మెషిన్లూ ఈ దారే పట్టాయి. ఎన్ని మీటలు నొక్కినా పలకడమే వాటి బలం. అయితే స్ట్రింగ్ మెషిన్లలో స్వరాలన్నీ చాలావరకు ఒకే మూసలో పోసినట్టుండేవి. ఏ స్వరానికి ఆ స్వరాన్ని విడిగా మలిచే వీలు తక్కువ.

రాబర్ట్ మూగ్ సరిగ్గా ఆ మలచడాన్నే పట్టుకున్నాడు. 1964లో మొదలైన ఆయన మాడ్యులర్ యంత్రాలు 1970 నాటికి మినీమూగ్ రూపంలో ఒక పెట్టెలో ఇమిడాయి. మూడు ఆసిలేటర్లు, ఒక ఫిల్టర్, ధ్వని ఎలా మొదలై ఎలా తగ్గాలో నిర్ణయించే సర్క్యూట్లు ఉన్నా, పలికేది మాత్రం ఒక్క స్వరమే. రెండు మీటలు కలిపి నొక్కితే కిందిదే వినిపించేది. ఇంకో స్వరం కావాలంటే ఆ సర్క్యూట్ల సరంజామా మొత్తం మరోసారి కట్టాలి. అది ఖరీదైన పని. పైగా వేడికి అనలాగ్ ఆసిలేటర్ల శ్రుతి జారిపోయేది. 1972 నాటి ఆర్ప్ ఒడిస్సీ రెండు స్వరాల దాకా వచ్చి ఆగింది.

ఒక్క గొంతంటే లోటేనా? మన రాగాలాపనలో ఒక సమయంలో నడిచేది ఒకే స్వరధార. కీబోర్డు మీద కర్ణాటక సంగీతం వాయించేవారికి కుడిచేత్తో ఒకేసారి పట్టే పలు స్వరాలకన్నా, ఎడమచేతి కింద గమకాన్ని పలికించే పిచ్ చక్రమే ముఖ్యం. ఆ చక్రాన్ని మీటల పక్కన అమర్చి వాడుకలోకి తెచ్చిన వాయిద్యాల్లో మినీమూగ్‌ది ముందు వరుస.

ఒక్క గొంతు నుంచి కొన్ని గొంతులకు చేరడానికి ముందు దొరికిన ఉపాయం నాలుగు సింథసైజర్లను ఒకే పెట్టెలో బిగించడం. 1975లో టామ్ ఓబర్‌హైమ్ తెచ్చిన ఫోర్ వాయిస్ అలాంటిదే. నాలుగింటి నాబ్‌లనూ విడివిడిగా చేత్తో తిప్పి సరిచేసుకోవాలి. 1977లో యమాహా సీఎస్-80 ఎనిమిది గొంతులతో, దాదాపు వంద కిలోల బరువుతో వచ్చింది. ఒక్కో మీట మీద వేలి ఒత్తిడి పెంచితే ఆ ఒక్క స్వరమే మారేది. సంగీత దర్శకుడు వాంజెలిస్ 'బ్లేడ్ రన్నర్' సినిమా సంగీతానికి వాడిన ప్రధాన వాయిద్యం ఇదే.

అసలు మలుపు 1978లో వచ్చింది. డేవ్ స్మిత్ సీక్వెన్షియల్ సర్క్యూట్స్ సంస్థ తెచ్చిన ప్రాఫెట్-5లో జెడ్80 మైక్రోప్రాసెసర్ ఉంది. ధ్వని పుట్టేది అనలాగ్ సర్క్యూట్లలోనే. ఏ మీట నొక్కారో గమనించి, ఖాళీగా ఉన్న గొంతుకు దాన్ని అప్పగించే పని మాత్రం ప్రాసెసర్‌ది. ఒకసారి కుదుర్చుకున్న ధ్వనులను నలభై దాకా దాచుకోవచ్చు. అయితే ఉన్నవి ఐదు గొంతులే. ఐదు విస్తళ్లే వేసిన పంక్తిలోకి ఆరో అతిథి వస్తే ముందు కూర్చున్నవారిలో ఒకరిని లేపినట్టు, ఆరో మీట నొక్కితే ఒక పాత స్వరం తెగిపోయేది. ఈ తెగిపోవడాన్నే 'వాయిస్ స్టీలింగ్' అంటారు. పాలిఫొనీ అంకె మీద మోజంతా ఇక్కణ్నుంచే మొదలైంది. రోలాండ్ జూపిటర్-8 (1981) ఎనిమిదికి చేరింది. జూనో-60 (1982) ఒక్కో గొంతుకు ఒక్క ఆసిలేటరే ఇచ్చి, తక్కువ ధరకు ఆరు గొంతులు అందించింది.

ఆ తరువాతి మలుపు లెక్కల నుంచి వచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ 1967లో గమనించిన ఎఫ్ఎం (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్) పద్ధతిని యమాహా సంస్థ లైసెన్సు తీసుకుని, 1983లో డీఎక్స్7గా మార్కెట్లోకి దించింది. ప్రతి గొంతుకూ ఆరు ఆపరేటర్లు (తరంగాన్ని పుట్టించే డిజిటల్ మూలాలు), వాటిని కలిపే 32 అల్గారిథంలు, మొత్తం 16 గొంతులు. ప్రాఫెట్-5 నాలుగు వేల డాలర్ల చుట్టుపక్కల ఉంటే దీని ధర 1,995 డాలర్లు. కారణం సులువు. అనలాగ్‌లో గొంతు పెరిగితే సర్క్యూట్ పెరగాలి. డిజిటల్‌లో అవే చిప్పులు క్షణక్షణానికీ ఒక్కో గొంతు లెక్క చేసుకుంటూ పదహారింటినీ చుట్టివస్తాయి. బదులుగా పోయింది ఫిల్టర్. చేతికందే నాబ్‌లు, స్లైడర్ల వరుసలు పోయి చిన్న తెర మీద అంకెలు మిగిలాయి. ఎలక్ట్రిక్ పియానో, గంటల ధ్వనులు అద్భుతంగా పలికినా, సొంతంగా కొత్త ధ్వని తయారుచేసుకోవడం చాలామందికి కొరుకుడు పడలేదు. అదే ఏడాది వచ్చిన మిడి ప్రమాణంతో వేర్వేరు సంస్థల కీబోర్డులను కలిపి వాయించడం వీలైంది.

మరో దారి అసలు వాయిద్యాల ధ్వనినే రికార్డు చేసి మెమరీలో దాచడం. కానీ అప్పట్లో మెమరీ చిప్పులు ఖరీదు. అందుకే 1987 నాటి రోలాండ్ డీ-50 అసలు వాయిద్యపు ధ్వనిలో తొలి క్షణాన్ని మాత్రమే శాంపిల్‌గా దాచి, మిగతాది సింథసిస్‌తో పూరించింది. మరుసటి ఏడాది వచ్చిన కోర్గ్ ఎమ్1 నాలుగు మెగాబైట్లలో పియానో నుంచి డ్రమ్స్ దాకా సర్ది, వాయించినదాన్ని దాచి తిరిగి వినిపించే సీక్వెన్సర్‌నూ జోడించింది. పదహారు గొంతులన్నారు. కానీ రెండు పొరల ధ్వని ఎంచుకుంటే మిగిలేవి ఎనిమిదే. 1994లో రోలాండ్ జేవీ-1080 తెచ్చిన 64 గొంతులకూ ఇదే షరతు. ఒక ప్యాచ్‌లో (అంటే ఎంచుకున్న ధ్వనిలో) నాలుగు టోన్లు, అంటే పొరలు, ఉంటే పదహారు స్వరాలతో సరి. సినిమా రికార్డింగుల్లో ఒక్క మనిషి ఒక వాద్యబృందమంత పని చేయగలిగింది ఈ తరం యంత్రాలతోనే. తెలుగులో రాజ్-కోటి వద్ద కీబోర్డు వాయించిన ఏ.ఆర్.రెహమాన్ ఎదిగిందీ ఈ కాలంలోనే.

అంకెలు ఇలా ఎగబాకుతున్న రోజుల్లోనే యమాహా వీఎల్1 వచ్చింది. పలికేది రెండు స్వరాలు మాత్రమే. సాక్సోఫోన్ రీడు ఎలా కంపిస్తుందో, గొట్టంలో గాలి ఎలా కదులుతుందో అది ఎప్పటికప్పుడు లెక్కగట్టేది. 1995 నాటి నార్డ్ లీడ్ అనలాగ్ సర్క్యూట్ల ప్రవర్తనను డిజిటల్‌లో అనుకరించింది. దానికి నాలుగు గొంతులు. దాచిన శాంపిల్‌ను చదివి వినిపించడం ప్రాసెసర్‌కు తేలిక. ధ్వనిని మొదటినుంచీ లెక్కగట్టడం భారం. అందుకే ఒకే కాలంలో 64, 4, 2 పక్కపక్కనే నిలిచాయి.

2011లో వచ్చిన కోర్గ్ క్రోనోస్ ఈ తేడాను ఒకే పెట్టెలో చూపించింది. తొమ్మిది ఇంజిన్లు. శాంపిల్ ఇంజిన్‌కు గరిష్ఠంగా 140 గొంతులు, అనలాగ్ తరహా ఏఎల్-1కు 80, తంత్రుల కంపనాన్ని లెక్కగట్టే ఎస్‌టీఆర్-1కు 40. యమాహా మోటిఫ్ 2001లో 62 గొంతులతో మొదలై 2003లో 128కి చేరింది. 2016 నాటి మాంటేజ్ మెమరీలో 5.67 గిగాబైట్ల శాంపిళ్లు, పక్కనే ఎనిమిది ఆపరేటర్ల ఎఫ్ఎం. 2023 నాటి మాంటేజ్ ఎమ్ మొత్తం నాలుగు వందల గొంతులంది. విడదీసి చూస్తే శాంపిళ్లకు 256, ఎఫ్ఎంకు 128, అనలాగ్ తరహా ఏఎన్-ఎక్స్‌కు కేవలం 16.

మరోవైపు చిన్న అంకెలూ తిరిగొచ్చాయి. 2015 నాటి ప్రాఫెట్-6కు ఆరు గొంతులు. 2020లో ప్రాఫెట్-5 మళ్లీ తయారైంది. 2019 నాటి హైడ్రాసింత్‌కు ఎనిమిదే అయినా, సీఎస్-80లో ఉన్న మీటకో ఒత్తిడి సదుపాయం దానిలోకి తిరిగి వచ్చింది. మీటకో వ్యక్తీకరణకు వీలిచ్చే ఎంపీఈ ప్రమాణం 2018లో ఆమోదం పొందింది.

కాబట్టి కొనేవారు అంకెకు ముందు ఇంజిన్ గురించి అడగాలి. పెడల్ తొక్కి పియానో వాయించేవారికి, స్టీరియో శాంపిల్ ఒక్కో స్వరానికి రెండు గొంతులు తీసుకుంటుంది కనుక, 128 ఉంటే నిశ్చింత. రికార్డింగులో పొరలు పేర్చేవారికి ఇంకా ఎక్కువ కావాలి. అనలాగ్ ధ్వని కోసమైతే ఆరో ఎనిమిదో చాలు. గమకం పలికించాలనుకునేవారు చక్రం చేతికి ఎలా ఒదుగుతుందో వాయించి చూసుకుని, ఆ తరువాతే ధర అడగండి.