ఏరోజెల్: జెల్‌ను ఆరబెట్టిన చరిత్ర

ఎండాకాలంలో బోయినపల్లి చెరువుల అడుగు బురద నెర్రెలు బారడం మీరు చూసే ఉంటారు. నీరు ఆవిరవుతూ, తలతన్యత వల్ల రేణువులను దగ్గరకు లాగుతుంది. తడి జెల్ ఆరినప్పుడూ ఇలాగే కుంచించుకుపోతుంది. మందుసీసాల్లో తేమను పీల్చడానికి ఉంచే సిలికా గుళికలు అలా ఆరినవే. మరి జెల్‌లోని సన్నని ఘనజాలాన్ని చెదరకుండా ఆరబెట్టడం ఎలా?

1931లో అమెరికా శాస్త్రవేత్త శామ్యూల్ కిస్ట్‌లర్ ఇందుకు మార్గం చూపాడు. సోడియం సిలికేట్‌కు ఆమ్లం కలిపి సిలికా జెల్ చేశాడు. అందులోని నీటి స్థానంలో ఆల్కహాల్ నింపి, ఆటోక్లేవ్‌లో సందిగ్ధ ఉష్ణోగ్రత, సందిగ్ధ పీడనాలను దాటించాడు. ఆ స్థితిలో ద్రవానికీ వాయువుకూ భేదం ఉండదు, తలతన్యత కూడా ఉండదు. మెల్లగా ఆవిరిని వదిలేస్తే జాలం మిగిలింది. అదే ఏరోజెల్. దాని ఘనపరిమాణంలో 90 శాతానికి పైగా గాలే కాబట్టి అది మంచి ఉష్ణబంధకం.

అయితే అది పెళుసు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏ.ఆర్.సి.ఐ. శాస్త్రవేత్తలు దానికి నారల ఆధారమిచ్చి, వంగే షీట్లుగా రూపొందించారు. పదార్థం గుణాలను దాని రసాయన సంఘటనంతో పాటు తయారీ పద్ధతి కూడా నిర్ణయిస్తుందని దీన్నిబట్టి మీరు గ్రహించవచ్చు.