ప్యాకేజీ మేనేజర్లు: డౌన్‌లోడ్ వైఫల్యాలను తట్టుకునే పద్ధతులు

కంప్యూటర్‌కు కావలసిన సాఫ్ట్‌వేర్‌ను, దానికి తోడు కావలసిన ఇతర భాగాలను సర్వర్ల నుంచి తెచ్చి అమర్చే ప్రోగ్రామే ప్యాకేజీ మేనేజర్. తెచ్చే దారిలో కనెక్షన్ తెగవచ్చు, సర్వర్ పలకకపోవచ్చు, ఫైలు సగమే దిగవచ్చు. వీటికి విరుగుళ్లు మూడు దశాబ్దాలుగా ఒక్కొక్కటే వచ్చి చేరాయి.

ఒకే ఫైళ్లను అనేక చోట్ల ఉంచే మిర్రర్ల పద్ధతి పాతదే. టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థ కోసం సీటాన్ భాండాగారం 1992లో, పెర్ల్ భాష కోసం సీపాన్ 1995లో ఇలాగే వ్యాపించాయి. 1999లో లినక్స్ పంపిణీ డెబియన్ 2.1తో వచ్చిన ప్యాకేజీ మేనేజర్ ఆప్ట్, సగం దిగిన ఫైలును ‘పార్షియల్’ అనే ఫోల్డర్‌లో దాచి, ఆగిన చోటి నుంచి మళ్లీ అందుకుంటుంది. మరో లినక్స్ పంపిణీ ఫెడోరాలో 2007 నుంచి మిర్రర్‌మేనేజర్ వినియోగదారుకు దగ్గరి మిర్రర్ల జాబితా ఇస్తోంది. ఒకటి పలకకపోతే ప్రోగ్రామ్ తర్వాతిదానికి వెళుతుంది.

అయితే ముక్కూమొహం తెలియని మిర్రర్‌ను నమ్మేదెలా? 2008లో అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు లేని కంపెనీ పేరుతో సర్వర్ అద్దెకు తీసుకుని, పలు లినక్స్ పంపిణీల అధికారిక మిర్రర్ల జాబితాల్లో చోటు సంపాదించి చూపారు. అలాంటి మిర్రర్, డిజిటల్ సంతకం సరిగ్గానే ఉన్న పాత ప్యాకేజీల జాబితాను అందిస్తూ పోతే, భద్రతా సవరణలు అందకుండా చేయవచ్చు. అందుకే డెబియన్ ప్యాకేజీల జాబితాలకు సంతకంతో పాటు గడువు తేదీ కూడా చేరింది. సంతకం జాబితాను, జాబితాలోని హ్యాష్ (ఫైలు నుంచి లెక్కించే గుర్తు) ప్యాకేజీని ధ్రువీకరిస్తాయి కనుక ఫైలు ఎక్కడి నుంచి వచ్చిందన్నది పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. మిగతా ఏర్పాట్లన్నీ నిలిచింది ఈ ధ్రువీకరణ మీదే.

మిర్రర్ తాజా అవుతుండగా అడిగితే సంతకమున్న కొత్త జాబితా, పాత సూచిక ఫైలు కలిసి వచ్చి, హ్యాష్ సరిపోలలేదనే ‘హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్’ సందేశం కనిపించేది. సూచిక ఫైళ్లను హ్యాష్ పేరుతోనే అడిగే విధానం 2016లో ఉబుంటు 16.04తో దీన్ని చాలావరకు తీర్చింది. మళ్లీ ప్రయత్నించడం అన్నిటికీ మందు కాదు. తెగిన కనెక్షన్‌కు అది పనికొస్తుంది. సర్వర్‌లో తీసేసిన పాత వెర్షన్‌ను ఎన్నిసార్లు అడిగినా రాదు, జాబితానే తాజా చేసుకోవాలి. కోరితే తప్ప మళ్లీ ప్రయత్నించని ఆప్ట్, 2021 నుంచి తనంతట తానే మూడుసార్లు ప్రయత్నిస్తోంది.

పైథాన్ ప్యాకేజీల భాండాగారం పైపీఐ 2013లో, ఫైళ్లను అనేక చోట్ల నుంచి అందించే సీడీఎన్‌కు మారి, తర్వాత అధికారిక మిర్రర్ల పద్ధతికి స్వస్తి చెప్పింది. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారం ఎన్‌పీఎం నుంచి 11 వరుసల ‘లెఫ్ట్-ప్యాడ్’ను రచయిత తొలగించగానే దానిపై ఆధారపడిన ఎన్నో ప్రాజెక్టులు ఆగిపోయాయి. తొలగింపును కూడా అనుసరించే మిర్రర్ ఇలాంటప్పుడు అక్కరకు రాదు. 2019లో గో భాష తెచ్చిన మాడ్యూల్ ప్రాక్సీ పాత వెర్షన్లను దాచి ఉంచేది ఇందుకే.

మిర్రర్లెన్ని ఉన్నా ఊరికి వచ్చే తీగ ఒక్కటే అయితే అది తెగినప్పుడు అన్నీ దూరమవుతాయి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తీగలు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే సాగుతాయి; ఏలూరు పరిసరాల్లోనూ, కొల్లేటి లంక గ్రామాల్లోనూ తుఫాను గాలి రెంటినీ ఒకేసారి దెబ్బతీయగలదు. 2015లో తాడేపల్లిగూడెంలో మొదలైన నిట్ వంటి క్యాంపస్‌లకు, ఒకే ప్యాకేజీ వందల యంత్రాల్లోకి వెళ్లే ల్యాబ్‌లకు, ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ వంటి స్థానిక నిల్వ అనువైనది. తీగ తెగినప్పుడు, అంతకు ముందు ఎవరో ఒకరు దింపుకున్న ఫైలునే అది ఇవ్వగలదు; ఎవరూ అడగని ప్యాకేజీ కావాలంటే పూర్తి మిర్రర్ గానీ, డీవీడీలు గానీ ఉండాలి.