తుపాకీ లైసెన్సు ఎవరికి దొరికింది?



2019 ఏప్రిల్‌లో, జయంతికి ముందు, పంజాగుట్ట చౌరస్తాలో పెట్టిన అంబేద్కర్ విగ్రహాన్ని జీహెచ్‌ఎంసీ వాళ్ళు తీసేశారు. అది జవహర్‌నగర్ డంపింగ్ యార్డులో విరిగి కనిపించింది. ఆ సంగతి చెబుతుంటే అమీర్‌పేటలో గ్రూప్స్‌కి చదివే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, అమెరికాలో లాగ మనకీ తుపాకీ హక్కు ఉంటే సర్కారు ఇట్ల చేసేదా?"

కడుపుమంటలోంచి వచ్చిన ప్రశ్న. కొట్టిపారేయలేం. చరిత్ర ముందు పెట్టి చూద్దాం.

మన చేతిలో ఆయుధం లేకుండా చేసింది బ్రిటిష్‌వాడు ఒక్కడే కాదు. 1878 ఆయుధాల చట్టం లైసెన్సు పెట్టి, యూరోపియన్లకి మినహాయింపు ఇచ్చింది. ఆ కోపంతోనే కాంగ్రెస్ 1931 కరాచీ తీర్మానంలో ఆయుధ హక్కు రాసుకుంది. మనల్ని మాత్రం అంతకు ఎన్నో తరాల ముందే కులం నిరాయుధుల్ని చేసింది. 1936లో 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ ఇదే చెప్పారు: చాతుర్వర్ణ్యం కింది కులాల నుంచి చదువునీ ఆయుధాన్నీ లాక్కుంది, అందుకే ఇక్కడ తిరుగుబాటు రాలేదు.

అదే బాబాసాహెబ్ 1948 డిసెంబర్‌లో, ఆయుధ హక్కును రాజ్యాంగంలో చేర్చాలని హెచ్.వి. కామత్ సవరణ తెస్తే ఒప్పుకోలేదు. పరాయి పాలనలో ఆ డిమాండ్‌కి అర్థం ఉంది, ఇప్పుడు ఎవరికి పడితే వాళ్ళకి ఇస్తామా అని అడిగారు. ఈ రెండు మాటలూ కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి. నాకు అలా అనిపించదు. కులం ఉన్న ఊళ్ళో తుపాకీ హక్కు అందరికీ ఇస్తే, అది ముందు చేరేది దొర గడీకే.

తెలంగాణ చూడండి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యని చంపింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ. జనం చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. తర్వాత జనమూ తుపాకీ పట్టారు, దొరలు ఊళ్ళు వదిలారు, భూములు పంచారు. 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చింది, 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించారు. పంచిన భూములు చాలాచోట్ల మళ్ళీ దొరలకే చేరాయి. మీ సిలబస్‌లో ఈ చివరి వాక్యం ఎంతుందో చూసుకోండి.

అమెరికా సంగతీ చెప్పుకుందాం. 1967లో ఓక్లాండ్‌లో బ్లాక్ పాంథర్లు చట్టం ఒప్పుకున్నట్టే బహిరంగంగా తుపాకులు పట్టుకుని పోలీసుల మీద నిఘా పెట్టారు. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టం మార్చేసింది, గవర్నర్ రీగన్ సంతకం పెట్టాడు. కాగితం మీద హక్కు అందరిదీ. నల్లవాళ్ళు వాడగానే నేరం.

ఇక మన చుండూరు. 1991 ఆగస్టు 6. ఊళ్ళో పోలీసులు ఉన్నారు. మగవాళ్ళని పారిపొమ్మన్నదీ వాళ్ళే. పొలాల్లోకి పరిగెత్తిన వాళ్ళని గొడ్డళ్ళతో, కత్తులతో నరికారు. ఎనిమిది మంది. చంపడానికి తుపాకీ కూడా అవసరం పడలేదు. 2014లో హైకోర్టు శిక్షలు కొట్టేసింది.

అంటే చేతులు కట్టుకు కూర్చోవాలా? కాదు. ప్రాణాల మీదికి వస్తే ఆత్మరక్షణ హక్కు మనకీ ఉంది. చాలామంది చదవని ఇంకో సంగతి ఉంది. అట్రాసిటీ చట్టం కింద 1995లో వచ్చిన నిబంధనల్లో మూడోది తీయండి. అట్రాసిటీలు జరిగే ప్రాంతాల్ని ప్రభుత్వం గుర్తించాలి. అవసరమైతే అక్కడ ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళ ఆయుధ లైసెన్సులు రద్దు చేయాలి, అక్రమ ఆయుధాలు పట్టుకోవాలి, ఎస్సీ, ఎస్టీలకి లైసెన్సులు ఇవ్వాలి. ఊళ్ళో తుపాకీ ఎవరి చేతిలో ఉందో ఈ రాజ్యానికి తెలుసు అనడానికి ఇంతకంటే ఒప్పుకోలు ఏం కావాలి?

తమ్ముడూ, తుపాకీ కొనడానికి ముందు పది రూపాయల ఆర్‌టీఐ దరఖాస్తు పెట్టు. మీ కలెక్టర్‌ని మూడు ప్రశ్నలు అడుగు. మూడో నిబంధన కింద మా జిల్లాలో ఏ ఊళ్ళు గుర్తించారు? ఎవరి లైసెన్సులు రద్దు చేశారు? మాకు ఎన్ని ఇచ్చారు?

జవాబు వస్తే ఇక్కడ పెట్టు. రాకపోతే, రాలేదని పెట్టు.