బొమ్మ గేర్‌బాక్స్ పట్టేస్తోందా, క్లచ్ జారుతోందా? ముందు ఇవి చూడండి

తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల్లో స్థిరపడిన మన ఇళ్లలో ట్రాక్టర్ గేర్‌బాక్స్ సంగతి తెలిసిన పెద్దవాళ్లకు కొదవ లేదు. మనవలు సెలవుల్లో అదే పని లెగో టెక్నిక్ ముక్కలతో చేస్తుంటారు. బంధువులు విదేశాల నుంచి తెచ్చిన సెట్టూ, ఊళ్లో కొన్న చవక సెట్టూ ఒకే డబ్బాలో కలిసిపోతాయి. గేర్లు పట్టేస్తే పళ్లు బ్లేడుతో గీకడం, జారితే జిగురు వేయడం మొదలవుతుంది. రెండూ వద్దు. చాలాసార్లు తప్పు ముక్కలో ఉండదు, ఇరుసుల మధ్య దూరంలో ఉంటుంది.

టెక్నిక్ ముక్కల్లో ఒక రంధ్రం నడుమ నుంచి పక్క రంధ్రం నడుమకు 8 మి.మీ. జతపడే రెండు మామూలు గేర్ల పళ్లు కూడి 2తో భాగిస్తే, ఇరుసుల మధ్య ఉండాల్సిన దూరం మిల్లీమీటర్లలో వస్తుంది. 8 పళ్లదీ 24 పళ్లదీ కలిస్తే 16 మి.మీ., అంటే సరిగ్గా రెండు రంధ్రాల ఎడం. 16, 16 కూడా అంతే. 8, 40 అయితే మూడు రంధ్రాలు. 16, 24 కలిపితే మాత్రం 20 మి.మీ. వస్తుంది, అది రెండున్నర. రెండులో పట్టవు, మూడులో అందవు. సగం ఎడం ఇచ్చే ముక్క వాడాలి, లేదా గేరు జత మార్చాలి.

పైకి పేర్చేటప్పుడు లెక్క మారుతుంది. రంధ్రాలున్న ఇటుక ఎత్తు 8 కాదు, 9.6 మి.మీ. పలుచటి పలక 3.2. అందుకే రెండు ఇటుకల మధ్య రెండు పలకలు వేస్తే రంధ్రాల ఎడం 16 మి.మీ.కి వచ్చి గేర్లు కుదురుతాయి. పలకలు మరిచిపోతే ఎంత తిప్పినా పళ్లు కలవవు.

దూరం సరిగానే ఉన్నా బిగుసుకుంటే పక్కల చూడండి. బుష్షును కడ్డీకి గట్టిగా నొక్కేసి ఉంటారు. కాగితమంత సందు వదిలితే చాలు. ప్రతి ఇరుసు పెట్టగానే వేళ్లతో తిప్పి చూసుకుంటూ పోవాలి. అంతా కట్టాక మోటారు పెట్టి చూస్తే ఎక్కడ పట్టేసిందో వెతకడానికే సాయంత్రం అయిపోతుంది.

ఇక క్లచ్. గేర్లు మార్చే సెట్లలో 16 పళ్ల గేరు ఇరుసు మీద ఊరికే తిరుగుతుంది. పక్కనున్న రింగు జరిగి దాని లోపలి పళ్లను పట్టుకున్నప్పుడే బలం అందుతుంది. ట్రాక్టర్లో డాగ్ క్లచ్ చేసే పని ఇదే, తాతయ్యను అడిగితే చెబుతారు. ఆ రింగు పాతరకంలో రెండు రంధ్రాల పొడవు, కొత్తరకంలో మూడు. దేని లోపలి గొట్టం దానిదే, కలపకండి. జారుతుంటే రింగు పూర్తిగా లోపలికి వెళ్తోందా, లీవరు మధ్యలో ఆగుతోందా అని చూడండి. రెండు లీవర్లున్న పెట్టెలో రెండు గేర్లు ఒకేసారి పడితే మొత్తం బిగుసుకుపోతుంది. ట్రాక్టర్లో అలా పడకుండా ఇంటర్‌లాక్ ఉంటుంది, బొమ్మలో చాలాసార్లు ఉండదు.

24 పళ్ల క్లచ్ గేరు ఒకటుంది, దాని మీదే 2.5–5 అని న్యూటన్ సెంటీమీటర్ల లెక్క ఉంటుంది. అంతకు మించిన బలం పడితే జారడమే దాని పని, మోటారును కాపాడేది అదే. జిగురు వేస్తే తర్వాత పోయేది మోటారు.

మన నల్లరేగడి దుమ్ము, వడ్ల పొట్టు పళ్లలో చేరితే నూనె, గ్రీజు పూయకండి, ఇంకా పట్టేస్తాయి. మోటారు, బ్యాటరీ పెట్టె తీసేసి, ముక్కలను 40 డిగ్రీలు దాటని నీళ్లలో సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టండి. రాయచూరు ఎండలో మేడ మీద పెట్టొద్దు.

చవక సెట్ల గేర్లు అసలు గేర్లతో కుదురుతాయో లేదో ఒక్కొక్కటీ తిప్పి చూసుకోవాల్సిందే. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. అయితే అది భద్రతకు సంబంధించింది, గేరు కొలతకు హామీ కాదు.