ఓడలో గరగర ఎక్కణ్ణుంచి?

1912 ఏప్రిల్ 14, రాత్రి పదకొండు గంటల వేళ. మంచు చుట్టుముట్టడంతో ఆగిపోయామని కాలిఫోర్నియన్ ఓడ వైర్‌లెస్ ఆపరేటర్ సిరిల్ ఎవాన్స్ టైటానిక్‌కి కబురు పెట్టాడు. దగ్గరి ఓడ కావడంతో ఆ సిగ్నల్ టైటానిక్ ఆపరేటర్ జాక్ ఫిలిప్స్ చెవులు చిల్లులు పడేలా మోగింది. ప్రయాణికుల టెలిగ్రాములను కేప్ రేస్ స్టేషన్‌కి పంపే హడావుడిలో ఉన్న ఫిలిప్స్, నోరు మూసుకోమని కసిరాడు. ఎవాన్స్ కాసేపు విని, సెట్టు కట్టేసి పడుకున్నాడు. 11.40కి టైటానిక్ మంచుకొండను గుద్దుకుంది.

దీన్ని ఫిలిప్స్ పొగరు కథగా చెప్పుకోవడం అలవాటైపోయింది. నాకు మాత్రం ఆ నాటి యంత్రాల మీదే అనుమానం. నిప్పురవ్వతో తరంగాలు పుట్టించే స్పార్క్ సెట్టు ఒక్క ఫ్రీక్వెన్సీతో సరిపెట్టుకోదు, అటూ ఇటూ చాలా మేర ఆక్రమిస్తుంది. అప్పట్లో దొరికిన మందు వంతులు: ఒకరు పలికేటప్పుడు మిగతావాళ్లు ఆగడం. తర్వాతి కాలపు ఓడల రేడియో గదుల్లో గడియారం ముఖం మీద రెండు ఎర్ర ముక్కలు కనిపించేవి. ప్రతి గంటలోనూ 15 నుంచి 18వ నిమిషం వరకు, మళ్లీ 45 నుంచి 48 వరకు 500 కిలోహెర్ట్జ్ మీద ఎవరూ పలకకూడదన్నది అప్పటి నియమం. ఆపదలో ఉన్నవాడి పిలుపు కోసం అందరూ చెవి ఒగ్గాల్సి ఉండేది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి వినే పెట్టె మీద కూడా అనుమానం మొదలైంది. రిసీవర్ లోపలి ఆసిలేటర్ కూడా కొద్దిగా తరంగాలు కక్కుతుంది, వాటిని బట్టి శత్రువు జాడ పట్టగలడు. అందుకే అమెరికా నౌకల్లో నావికుల సొంత రేడియోలను నిషేధించారు. జర్మన్లయితే తమ జలాంతర్గాముల జాడను, శత్రు రాడార్ని పసిగట్టే మెటాక్స్ రిసీవరే బయటపెడుతోందని నమ్మి, 1943 ఆగస్టులో దాని వాడకం ఆపించారు. లీకేజీ నిజమే కానీ అసలు సంగతి వేరు. బ్రిటిష్ విమానాలు 10 సెంటీమీటర్ల రాడార్ వాడుతున్నాయి, అది మెటాక్స్‌కి వినపడదు.

ఆ తర్వాత వేలు తుప్పు వైపు తిరిగింది. డెక్కు మీద గొలుసులు, రెయిలింగులు, ఇనుప తాళ్లు అన్నీ పక్కనున్న ట్రాన్స్‌మిటర్ల తరంగాలను పట్టుకుంటాయి. రెండు లోహాల మధ్య తుప్పు పట్టిన అతుకు డయోడ్‌లా పనిచేస్తుంది. 4, 6 మెగాహెర్ట్జ్‌ల మీద రెండు సెట్లు నడుస్తుంటే, ఎవరూ పంపని 2, 8, 10 మెగాహెర్ట్జ్‌లు ఆ తుప్పులోంచి పుట్టుకొస్తాయి. అతుకులకు రాగి పట్టీలు బిగించడం, ఇనుప తాళ్ల చోట నైలాన్ తాళ్లు కట్టడం దీనికి చికిత్స. ఎలక్ట్రానిక్స్ కన్నా మేస్త్రీ పనే ఎక్కువ!

ఈ చరిత్రలో అన్నిటికన్నా చేదు రోజు 1982 మే 4. ఫాక్లాండ్స్ యుద్ధంలో ఉన్న బ్రిటిష్ నౌక షెఫీల్డ్‌లో ఉపగ్రహం ద్వారా సంభాషించే స్కాట్ టెర్మినల్ పనిచేస్తోంది. శత్రు రాడార్‌ను పసిగట్టాల్సిన యూఏఏ-1 రిసీవర్ ఆ ప్రసార హోరులో చెవిటిదైంది. అర్జెంటీనా విమానం వదిలిన ఎక్సోసెట్ క్షిపణి తాకి 20 మంది చనిపోయారు. తాళ్లు కట్టి లాక్కెళ్తుండగా మే 10న ఓడ మునిగిపోయింది. ఆపరేషన్స్ గదిలో బాధ్యులు తమ స్థానాల్లో లేరనీ విచారణ తేల్చింది కాబట్టి తప్పంతా స్కాట్ నెత్తిన రుద్దలేం. కానీ ఒక సెట్టు వినేటప్పుడు ఇంకోటి ఆగాలన్న వంతుల పద్ధతి మనిషి జ్ఞాపకం మీద నడిచినంత కాలం ఏ ఓడకైనా ఇదే గండం.

అందుకే బాధ్యత నెమ్మదిగా ఆపరేటర్ నుంచి తయారీదారుకి మారింది. 2002 జులై 1 నుంచి కట్టే ఓడల బ్రిడ్జిలోని పరికరాలు ఒకదానికొకటి అడ్డు రాకుండా చూసే పరీక్షలను, సముద్రంలో ప్రాణరక్షణ కోసం కుదిరిన సోలాస్ ఒప్పందం తప్పనిసరి చేసింది. ఓడల వీహెచ్‌ఎఫ్ మాటలు నడిచే 156-165 మెగాహెర్ట్జ్ మధ్య ఐఈసీ 60945 అనే ఓడ పరికరాల ప్రమాణం మరీ కఠినం. అక్కడ పరికరం వెదజల్లే రొద పరిమితి చుట్టుపక్కల ఫ్రీక్వెన్సీల కన్నా 30 డెసిబెల్స్ తక్కువ, అంటే శక్తిలో వెయ్యో వంతు మాత్రమే.

ఇంత కట్టుదిట్టం చేశాక దొంగ ఈసారి దీపం రూపంలో వచ్చాడు. ఎల్‌ఈడీ బల్బు వెనకాల ఉండే డ్రైవర్ కరెంటును సెకనుకు వేలసార్లు తెంచి కలుపుతుంటుంది. ఆ రొద వీహెచ్‌ఎఫ్ దాకా పాకుతుంది. ఒక ఓడను తీరకేంద్రం ఎంత పిలిచినా పలకలేదన్న ఉదంతాన్ని అమెరికా కోస్ట్ గార్డ్ 2018 ఆగస్టు హెచ్చరికలో ప్రస్తావించింది. పరీక్ష ఎలా చేయాలో కూడా చెప్పింది. ముందు దీపాలు ఆర్పేయాలి. రేడియోను సందడి లేని చానెల్‌కి తిప్పాలి. గరగరను అణిచే స్క్వెల్చ్ మీటను, ఆ చప్పుడు వినపడేదాకా తిప్పి, అది ఆగిపోయేంత మేరకే వెనక్కి తేవాలి. ఇప్పుడు దీపం వేయండి. మళ్లీ గరగర మొదలైతే దొంగ దొరికినట్టే.