ధూమశకటమును మన మగ్గమును



కులచరిత్రమును వ్రాయువారు పురాణములను, శాసనములను వెదకుట వాడుక. ఇనుపపట్టాలవెంట వెదకువారు అరుదు. అయినను నేటి పద్మశాలీయుల స్థితిగతులను తీర్చిన కారణములలో ధూమశకటమునకు ముఖ్యస్థానము కలదు.

దక్షిణదేశమున మొదటి రైలు 1856 జూలై 1వ తేదీన చెన్నపురి రాయపురమునుండి వాలాజా రోడ్డువఱకు నడచెను. 1860లో బొంబాయిదారి షోలాపురము చేరెను. 1871లో ఈ రెండు దారులును రాయచూరున కలిసెను. 1874లో వాడినుండి సికిందరాబాదునకును, 1889లో అటనుండి బెజవాడకును బండ్లు సాగెను.

అంతకుమున్ను సరకులు ఎడ్లబండ్లమీదను, పెరికెయెడ్లమీదను పోయెడివి. లోనాటి నేతకు దూరభారమే కోటగోడగా నుండెను. రైలు ఆ గోడను కూల్చెను. రేవులలో దిగిన సీమనూలును, సీమబట్టయు కొలది దినములలో సంతలకు చేరెను. ఇంట రాట్నము త్రిప్పి నూలు వడికిన స్త్రీల కూలి ముందుగా పోయెను. మగ్గము చావలేదు, నూలు చవుకయగుటచే పలుతావుల నిలిచెను. కాని నేతగాడు వర్తకుని అప్పునూలునకు లోబడెను.

పని తఱిగినచోట మనవారు పొట్ట చేతబట్టుకొని బయలుదేఱిరి. షోలాపురమున 1877లో నూలుమిల్లు నెలకొనెను. తెలంగాణమునుండి మన కుటుంబములు ఆ యూరికిని, బొంబాయికిని, భీవండికిని వలసపోయెను. కొందఱు మిల్లుకూలీలైరి, కొందఱు అచటనే మగ్గములు పెట్టుకొనిరి. షోలాపురపు దుప్పట్ల ప్రఖ్యాతిలో తెలుగు నేతగాండ్ర చెమట కలదు.

బండిలోపల మఱియొక మార్పు కలిగెను. నాటి మూడవ తరగతి బల్లమీద చీటి కొన్నవాని కెల్ల చోటు ఉండెను; ప్రక్కవాని కులము విచారించి కూర్చుండుట సాధ్యము గాకుండెను. అంతమాత్రమున అంటు పోలేదు. చెన్నపురి రాజధానిలోని స్టేషను భోజనశాలలలో బ్రాహ్మణులకు వేఱుచోటు బహుకాలము నడచెను. ఉత్తరదేశమున హిందువులకును, మహమ్మదీయులకును నీరు వేఱువేఱుగా పోసిరి. ఒక్క బల్లమీద వచ్చినవారే నీటికడవయొద్ద విడిపోయిరి.

ఆ రైలే మనలను కూర్చెను. మున్ను కులపంచాయతియు, వియ్యములును చుట్టుప్రక్కల గ్రామములకే పరిమితములు. పలుజిల్లాలవారు ఒక్క పందిరిక్రింద చేరి తీర్మానములు చేయు మహాసభ రైలుచీటియు, టపాయు, అచ్చుయంత్రమును కలిసి కన్న బిడ్డ. ఇది అనాదియని తలచుట పొరపాటు.

కావున ఈ సభకు రెండు విన్నపములు. ఏ పల్లెనుండి, ఏ యేట, ఏ పనికై ఎవరు వలసపోయిరో పెద్దలు బ్రదికియుండగనే అడిగి వ్రాయింపుడు. అందు రాట్నము కోల్పోయిన తల్లుల పేరులను విడువకుడు. మన వంశావళులలో వారు కానరారు. రెండవది, రైలు కూల్చిన గోడలను సంఘముపేర మరల కట్టకుడు. మన కష్టమే ఇతర వృత్తులవారికిని కలిగెను. వారితో కలిసి నడచుటయే ఈ చరిత్రము నేర్పు పాఠము.